బాడీ స్కానర్‌లో అడుగు పెట్టే ముందు మీ మర్యాద కాపాడుకోవడం ఎలా

మా అమ్మ మొదటిసారి విదేశీ ప్రయాణం చేసినప్పుడు, సెక్యూరిటీ దగ్గర గాజు గదిలాంటి యంత్రంలో నిలబెట్టి చేతులు పైకెత్తమన్నారు. కొన్ని సెకన్లలో బయటికి వచ్చేసింది. కానీ ఛాతీ దగ్గర ఏదో ఉందని తెర మీద పసుపు గుర్తు పడింది. అక్కడికక్కడే, వెనక క్యూ అంతా చూస్తుండగా, ఒక ఉద్యోగిని వచ్చి చేతులతో తడిమి చూసింది. దొరికింది ఒక పిన్నీసు. విమానం ఎక్కాక రెండు గంటలు అమ్మ మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అడిగింది: "ఆ గాజు గదిలో నా ఒళ్లంతా వాళ్లకి కనబడిందంటావా?"

నా దగ్గర జవాబు లేదు. వేరే గదిలో తనిఖీ చేయమని అడగొచ్చని కూడా ఆ రోజు నాకు తెలియదు. ఆ తర్వాత చదివి, అడిగి తెలుసుకున్నవన్నీ వరసగా ఇక్కడ రాస్తున్నాను. ప్రయాణానికి ముందు ఒకసారి చదవండి. మీతో వచ్చే పెద్దవాళ్లకు చదివి వినిపించండి.

మొదటి పని: ఎదురుగా ఉన్నది ఏ యంత్రమో గుర్తుపట్టండి

తలుపు చట్రంలా ఉండి, నడుచుకుంటూ దాటి వెళ్లేది మెటల్ డిటెక్టర్. అది ఏ బొమ్మా తీయదు. లోహం ఉంటే కూత పెడుతుంది, అంతే.

లోపల నిలబడి చేతులు ఎత్తాల్సి వస్తే అది బాడీ స్కానర్. ఇప్పుడు ఎక్కువగా కనబడేవి మిల్లీమీటర్ వేవ్ రకం. కొన్ని గుండ్రటి గాజు గదిలా ఉంటాయి, మీ చుట్టూ రెండు నిలువు స్తంభాలు తిరుగుతాయి. కొన్ని తెరిచినట్టుండే బల్లపరుపు పలకలు. ఇవి పంపే రేడియో తరంగాలు బట్టల గుండా వెళ్లి చర్మానికి తగిలి వెనక్కి వస్తాయి. చర్మానికీ బట్టకీ మధ్య ఏం ఉన్నా తేడా తెలిసిపోతుంది. అది కత్తే కానక్కర్లేదు. జేబులో మడిచిన కాగితం, నడుముకున్న బెల్టు, ప్యాడ్, కట్టు, ఏదైనా సరే.

రెండో రకం బ్యాక్‌స్కాటర్. రెండు పెద్ద బీరువాల మధ్య నిలబెట్టి, తక్కువ మోతాదు ఎక్స్‌రేతో బొమ్మ తీసేది. అమెరికా విమానాశ్రయాల నుంచి దీన్ని 2013లో తీసేశారు. యూరోపియన్ యూనియన్ 2011లో చేసిన నియమాల్లోనే ప్రయాణికుల మీద ఎక్స్‌రే స్కానర్లకు చోటు ఇవ్వలేదు. ఈ ఎక్స్‌రే రకంలో ఒక్క స్కాన్‌కి తగిలేది సుమారు 0.1 మైక్రోసీవర్ట్ (రేడియేషన్ కొలత). ఎత్తున ఎగిరే విమానంలో రెండు మూడు నిమిషాలు కూర్చుంటే తగిలేటంత. మిల్లీమీటర్ వేవ్‌లో ఎక్స్‌రే అసలు ఉండదు. అందుకే నా దృష్టిలో ఈ యంత్రాలతో అసలు చిక్కు రేడియేషన్ కాదు, బొమ్మ.

ఒక మాట మాత్రం ధైర్యంగా చెప్పొచ్చు. ఈ రెండు రకాలూ శరీరం లోపలికి చూడలేవు. గర్భంలోని బిడ్డ, లోపల అమర్చిన పరికరాలు వీటికి కనబడవు.

రెండో పని: బొమ్మ ఏ తెర మీద పడుతోందో చూడండి

అమ్మ అడిగిన ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. కొంచెం వెనక్కి వెళ్లి చెప్పాలి.

2009 డిసెంబరు 25న ఆమ్‌స్టర్‌డామ్ నుంచి డెట్రాయిట్ వెళ్తున్న నార్త్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ విమానంలో ఒకడు లోదుస్తుల్లో దాచిన పేలుడు పదార్థాన్ని పేల్చబోయాడు. అది సరిగ్గా పేలలేదు, అందరూ బతికారు. దాన్లో లోహం లేదు కాబట్టి మెటల్ డిటెక్టర్ పట్టుకోలేకపోయింది. దాంతో అప్పటిదాకా కొద్దిచోట్లే ఉన్న బాడీ స్కానర్లను 2010లో అమెరికా రవాణా భద్రతా సంస్థ టీఎస్ఏ దేశమంతా పెట్టడం మొదలుపెట్టింది. బ్రిటన్ కూడా అదే ఏడాది హీత్రూ, మాంచెస్టర్ విమానాశ్రయాల్లో పెట్టింది.

ఆ తొలి యంత్రాలు నిజంగానే బట్టల కింది శరీరాన్ని చూపించేవి. రొమ్ములు, జననాంగాలు, కొవ్వు మడతలు, శరీరానికి బయట తగిలించిన వైద్య సంచులు, అన్నిటి ఆకారం బొమ్మలో తెలిసేది. ఆ బొమ్మను దూరంగా మరో గదిలో ఒక అధికారి చూసేవారు. ముఖం మసకగా కనబడేలా చేశామని, చూసే అధికారికి ప్రయాణికుడు ఎదురుపడడని, ఆ గదిలోకి ఫోన్లు, కెమెరాలు తీసుకెళ్లనివ్వబోమని, బొమ్మలు నిల్వ చేయబోమని టీఎస్ఏ హామీ ఇచ్చింది.

ఆ హామీని నమ్మాలా వద్దా అన్న గొడవ అక్కడే మొదలైంది. ఎలక్ట్రానిక్ ప్రైవసీ ఇన్ఫర్మేషన్ సెంటర్ అనే సంస్థ, అందరూ ఎపిక్ అంటారు, సమాచార చట్టం కింద పత్రాలు బయటికి తెప్పించింది. బొమ్మలను నిల్వ చేసే, వేరే చోటికి పంపే సామర్థ్యం యంత్రంలో ఉండాలని కొనుగోలు పత్రాల్లో టీఎస్ఏనే రాసుకున్నట్టు తేలింది. అది పరీక్షల కోసమేనని, విమానాశ్రయాల్లో ఆ పని ఆపేసి ఉంచుతామని సంస్థ చెప్పింది. 2010 ఆగస్టులో ఇంకో సంగతి బయటపడింది. ఫ్లోరిడాలోని ఓర్లాండో కోర్టు భవనంలో యూఎస్ మార్షల్స్ సర్వీస్ వాడిన స్కానర్‌లో సుమారు 35,000 బొమ్మలు నిల్వ ఉండిపోయాయి. వాటిలో వంద బొమ్మలు ఆ నవంబరులో ఇంటర్నెట్‌లోకి వచ్చేశాయి. అది విమానాశ్రయం కాదు, అవి బాగా మసక బొమ్మలు, నిజమే. కానీ కోర్టు పని మీద వచ్చినవాళ్లెవరికీ తమ బొమ్మ అందులో ఉండిపోయిందని తెలియదు. నాకు భయం కలిగించింది ఆ విషయం.

ఎపిక్ వేసిన కేసులో 2011 జులై 15న వాషింగ్టన్‌లోని అప్పీళ్ల కోర్టు తీర్పు ఇచ్చింది. స్కానర్లు రాజ్యాంగానికి విరుద్ధం కాదంది. ప్రయాణికులు వద్దనుకుంటే చేతి తనిఖీ కోరుకోవచ్చన్న సంగతిని కూడా లెక్కలోకి తీసుకుంది. కానీ ప్రజల అభిప్రాయం అడగకుండా వీటిని పెట్టడం తప్పని తేల్చింది. 2012లో అమెరికా చట్టసభ, అసలు శరీర ఆకారం కాకుండా అందరికీ ఒకేలా ఉండే గీతబొమ్మ మాత్రమే చూపే సాఫ్ట్‌వేర్ ప్రతి స్కానర్‌లోనూ ఉండాలని చట్టం చేసింది. మిల్లీమీటర్ వేవ్ యంత్రాలు దానికి మారాయి. బ్యాక్‌స్కాటర్ యంత్రాలు గడువులోగా మారలేకపోయాయి కాబట్టి వాటిని పీకేశారు.

ఇదంతా తెలిస్తే మీరు చేయాల్సింది తేలిక. యంత్రం దాటగానే పక్కనే ఉన్న తెర చూడండి. పిల్లలు గీసే మనిషి బొమ్మలాంటి గీత కనబడితే, అనుమానం ఉన్న చోట చిన్న పసుపు పెట్టె కనబడితే, లేదా తెర ఆకుపచ్చగా మారి ఓకే అని వస్తే, అది కొత్త పద్ధతి. సన్నగా ఉన్నవాళ్లకూ లావుగా ఉన్నవాళ్లకూ అదే బొమ్మ. అధికారికి కనబడేదీ అదే, మీరు చూసేదీ అదే. తెర ఎక్కడా లేకుండా, పక్కనున్న అధికారి చెవిలో పెట్టుకున్న పరికరంలో ఎవరితోనో మాట్లాడి జవాబు కోసం ఆగుతుంటే, బొమ్మను వేరే చోట మనిషి చూస్తున్నారని అర్థం. అలాంటప్పుడు లోపలికి వెళ్లే ముందే మూడు ప్రశ్నలు అడగండి:

- నా బొమ్మను మనిషి చూస్తారా, కంప్యూటర్ చూస్తుందా?
- మనిషే అయితే ఆడవాళ్లా, మగవాళ్లా?
- స్కాన్ అయ్యాక బొమ్మ ఉంటుందా, చెరిగిపోతుందా?

గీతబొమ్మ వచ్చినంత మాత్రాన యంత్రం కొలవడం మానేయలేదు. తరంగాలు శరీరాన్ని ఎప్పటిలాగే కొలుస్తాయి, దాన్ని సాఫ్ట్‌వేర్ చదివి, మనిషికి గీతబొమ్మ మాత్రం చూపిస్తుంది. కాబట్టి "మనిషి చూడరు" అన్నది ఒక ప్రశ్నకే జవాబు. "నిల్వ ఉంచరు" అన్నదానికి ఆ దేశపు నియమమే హామీ. అందుకే మూడో ప్రశ్న అడగడం మానకండి.

మూడో పని: విమానం ఎక్కే దేశం, మారే దేశం నియమం ముందే చూసుకోండి

అన్ని చోట్లా ఒకే నియమం లేదు. మధ్యలో విమానం మారే చోట మళ్లీ తనిఖీ ఉండొచ్చు కాబట్టి ఆ దేశం సంగతి కూడా చూసుకోవాలి.

అమెరికాలో స్కానర్ వద్దని చెప్పి చేతి తనిఖీ కోరుకోవచ్చు. అయితే 2015 డిసెంబరు నుంచి కొందరు ప్రయాణికులకు స్కానర్‌ను తప్పనిసరి చేసే అధికారం టీఎస్ఏ ఉంచుకుంది. మీ బోర్డింగ్ పాస్ మీద ఎస్ అనే అక్షరం నాలుగుసార్లు ఉంటే అదనపు తనిఖీ ఉంటుందని ముందే సిద్ధపడండి.

నాకు బాగా నచ్చినవి యూరోపియన్ యూనియన్ నియమాలు. ఏ సాంకేతికత వాడుతున్నారో, వద్దనే అవకాశం ఉందో ప్రయాణికుడికి ముందే చెప్పాలి. బొమ్మను నిల్వ ఉంచకూడదు. మనిషి చూసే పద్ధతి ఉంటే, చూసేవాళ్లు వేరే చోట ఉండాలి, ముఖం గుర్తుపట్టేలా ఉండకూడదు. ఆ చూసేది ఆడవాళ్లు కావాలా, మగవాళ్లు కావాలా అని మీరే కోరుకోవచ్చు.

బ్రిటన్‌లో మొదట్లో స్కానర్ వద్దంటే విమానం ఎక్కనిచ్చేవారు కాదు. 2013 నవంబరు నుంచి దాని బదులు వేరే గదిలో చేతి తనిఖీ అడగొచ్చు. రెండూ వద్దంటే ప్రయాణం లేదు. ఆ తనిఖీ వివరంగా ఉంటుంది, సమయం పడుతుంది. కెనడాలో కూడా చేతి తనిఖీ కోరుకునే వీలుంది. ఆస్ట్రేలియా మాత్రం 2012లో వీటిని తెచ్చినప్పుడే స్కాన్ లేకపోతే ప్రయాణం లేదని చట్టం చేసింది. ఆరోగ్య కారణాలు ఉన్నవాళ్లకు మాత్రం వేరే దారి ఉంది.

నియమాలు మారుతుంటాయి. టికెట్ కొన్న రోజున కాకుండా, బయలుదేరే వారంలో ఆ దేశపు విమానయాన భద్రతా సంస్థ వెబ్‌సైట్ మరోసారి తెరిచి చూడండి.

నాలుగో పని: అనవసరపు అలారం రాకుండా ఇంటి దగ్గరే చూసుకోండి

మర్యాద పోయేది ఎక్కువగా యంత్రం లోపల కాదు, అలారం మోగాక. అలారం తగ్గితే తడమడమూ తగ్గుతుంది. ఈ యంత్రాలు పొరబడటం కొత్తేమీ కాదు. జర్మనీలో 2010లో హాంబర్గ్ విమానాశ్రయంలో పది నెలలు వీటిని పరీక్షించారు. బట్టల మడతలకు కూడా అలారం మోగుతుండటంతో, 2011లో అప్పటికి వీటిని దేశమంతా పెట్టడం వాయిదా వేసుకున్నారు. ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ మెరుగుపడింది, కానీ మడతలు, చెమట ఇప్పటికీ తిప్పలు పెడుతూనే ఉన్నాయి.

కాబట్టి ప్రయాణం రోజున పొరలు పొరలుగా ఉండే బట్టలు, పెద్ద మడతలు, మందమైన అంచులు, పూసలు, లోహపు తీగలతో కుట్టు పని ఉన్నవి వద్దు. పిన్నీసులు తీసేయండి. జేబుల్లో ఏమీ ఉంచకండి, రుమాలు, టికెట్ ముక్క కూడా. లోహపు కమ్మీ లేని లోదుస్తులు మేలు. గట్టిగా చుట్టిన ముడి, ఒత్తయిన జడలు కూడా అలారం తెప్పిస్తాయి. వీలైతే జుట్టు వదులుగా వదిలేయండి. పరుగెత్తుకుంటూ వచ్చి చెమట పట్టి ఉంటే, క్యూలో చేరే ముందు ఒక్క నిమిషం నిలబడి తుడుచుకోండి.

ఆడవాళ్లు బయటికి అడగలేక లోపలే మథనపడే విషయం ఒకటుంది. నెలసరి ప్యాడ్ చర్మానికీ బట్టకీ మధ్య ఉంటుంది కాబట్టి యంత్రం దాన్ని గుర్తుపట్టి ఆ చోట పసుపు పెట్టె చూపించవచ్చు. లోపల పెట్టుకునే కప్పు, ట్యాంపాన్ కనబడవు. ప్యాడ్ ఉన్న రోజున ప్రయాణమైతే, అధికారిణితో ముందే ఒక్క ముక్క చెప్పండి. రోజూ వినే మాటే అది, మీరు సిగ్గుపడాల్సిన పని లేదు.

ఐదో పని: వద్దంటే యంత్రంలోకి వెళ్లక ముందే చెప్పండి

ఇది సమయంతో కూడిన పని. స్కాన్ అయి, అలారం మోగాక "నాకు స్కానర్ వద్దు" అనడానికి అర్థం ఉండదు. సామాను బెల్టు మీద పెట్టిన తర్వాత, యంత్రం వైపు పిలిచే అధికారితో స్పష్టంగా, మెల్లగా చెప్పండి. ఇంగ్లిష్ నడిచే చోట "ఐ ఆప్ట్ అవుట్, ప్లీజ్" అంటే చాలు. కారణం చెప్పక్కర్లేదు. వాదన కూడా వద్దు, అధికారి చూపులు గట్టిగా ఉన్నా సరే.

అమెరికాలో ఇంకో సంగతి గుర్తుంచుకోండి. తనిఖీ మొదలయ్యాక "అయితే నేను ప్రయాణం మానేస్తాను" అని మధ్యలో వెళ్లిపోవడానికి లేదు. మొదలుపెట్టిన తనిఖీ పూర్తి కావాల్సిందే. ఆలోచించుకోవడం ఏదైనా ఉంటే క్యూలో చేరే ముందే.

సామాను బెల్టు మీద ముందుకు వెళ్లిపోయి ఉంటుంది, మీరు చేతి తనిఖీ కోసం ఆగి ఉంటారు. పాస్‌పోర్టు, డబ్బు, ఫోన్ అన్నీ అందులోనే. "నా సామాను నాకు కనబడే చోట పెట్టండి" అని అడగండి. చాలాచోట్ల ఎవరో ఒకరు తెచ్చి పెడతారు. దీనికి పావుగంట నుంచి అరగంట దాకా ఆగాల్సి రావచ్చు కాబట్టి ముందుగా చేరుకోండి. సమయం లేకపోతే టెన్షన్‌లో హక్కు వదిలేసుకుంటాం.

స్కానర్ వద్దనమని నేను ఎవరికీ చెప్పడం లేదు. గీతబొమ్మ చూపే యంత్రమైతే, ఒక మనిషి చేతులతో తడమడం కన్నా అదే మేలని చాలామందికి అనిపిస్తుంది. మా అమ్మకూ ఇప్పుడు అలాగే అనిపిస్తుంది. ఎవరి ఒంటి గురించి వాళ్లే నిర్ణయించుకోవాలి, తెలుసుకుని నిర్ణయించుకోవాలి.

ఆరో పని: చేతి తనిఖీ వచ్చినప్పుడు గది అడగండి

స్కానర్ వద్దన్నా, స్కానర్‌లో అలారం మోగినా, చివరికి వచ్చేది ఇదే. అలారం ఒక్క చోట మోగితే ఆ చోటు వరకే చూస్తారు. స్కానర్ వద్దంటే తల నుంచి పాదాల దాకా చూస్తారు.

మొట్టమొదట అనాల్సిన మాట: "వేరే గదిలో చేయండి." అమెరికాలో ఏ దశలోనైనా ఇది అడగొచ్చు, సగం అయ్యాక కూడా. మీతో వచ్చిన మనిషిని లోపలికి తీసుకెళ్లొచ్చు. ఆడవాళ్లను ఆడవాళ్లు, మగవాళ్లను మగవాళ్లు తనిఖీ చేయాలి. ఆ సమయానికి అధికారిణి లేకపోతే వచ్చేదాకా ఆగుతానని చెప్పండి.

ఒక ముఖ్యమైన తేడా ఉంది. గదిలోకి వెళ్తే చూసే కళ్లు తగ్గుతాయి, కానీ మీ తరఫు సాక్షులూ తగ్గుతారు. అందుకే ఒంటరిగా ప్రయాణించే కొందరు అందరి ముందే చేయించుకోవడానికి ఇష్టపడతారు. అది తప్పు కాదు. నా సలహా మాత్రం, తోడు ఉంటే గది, తోడు లేకపోతే మీ మనసు ఏది చెబితే అది.

తడమడానికి ముందు ఎక్కడెక్కడ, ఎలా ముట్టుకుంటారో అధికారి చెప్పాలి. చెప్పకపోతే "ముందు చెప్పి చేయండి" అనండి. రొమ్ములు, పిరుదులు, తొడల మధ్య వంటి చోట్ల సాధారణంగా చేతి వెనక భాగం వాడతారు. ఒక్కోసారి అరచేతితోనూ చూడొచ్చు. నొప్పి, పుండు, ఆపరేషన్ కుట్లు ఉన్న చోటు ముందే చూపించండి. ఎక్కువసేపు నిలబడలేకపోతే కుర్చీ అడగండి. తడిమాక అధికారి తన చేతి తొడుగుల మీద ఒక బట్టముక్కతో రుద్ది, పేలుడు పదార్థాల జాడ ఉందేమోనని యంత్రంలో పెడతారు. కొన్ని లోషన్లకు కూడా ఆ యంత్రం మోగుతుందంటారు, కాబట్టి ఆ ఉదయం చేతులకు ఏమీ రాసుకోకపోతే మంచిది.

రొమ్ములు, జననాంగాలు కనబడేలా బట్ట ఎత్తమని, విప్పమని మిమ్మల్ని అడగకూడదని, అడిగినా ఒప్పుకోవద్దని టీఎస్ఏ తన సొంత సూచనల్లోనే చెబుతుంది. ఎవరైనా అలా అడిగితే అరవక్కర్లేదు. "మీ సూపర్‌వైజర్‌ను పిలవండి" అనండి. ఈ ఒక్క మాట ముందే నోటికి అలవాటు చేసుకోండి. భయం వేసినప్పుడు కొత్త మాటలు రావు.

తల కప్పుకునే వస్త్రం, తలపాగా ఉన్నవాళ్లు దాన్ని మీరే తడిమి, తర్వాత చేతుల మీద బట్టముక్క పరీక్ష చేయించుకునే పద్ధతి అడగొచ్చు. తీయాల్సే వస్తే గదిలోనే తీస్తానని చెప్పండి.

ఒంటి మీద వైద్య పరికరం ఉంటే

2010 నవంబరులో డెట్రాయిట్ విమానాశ్రయంలో, మూత్రాశయ క్యాన్సర్ నుంచి కోలుకున్న ఒక పెద్దాయన తనకు మూత్రసంచి ఉందని చెప్పబోయాడు. వినిపించుకోలేదు. తడిమేటప్పుడు సంచి మూత ఊడి బట్టలు తడిసిపోయాయి. ఆయన అలాగే విమానం ఎక్కాడు. ఆ వార్త చదివిన రోజు నుంచి, ఇలాంటివాళ్ల విషయంలో నోటి మాట ఒక్కటే సరిపోదని నాకు గట్టిగా అనిపించింది.

మూత్రసంచి, మలసంచి, కృత్రిమ రొమ్ము, కృత్రిమ కాలు, ఇన్సులిన్ పంపు, ఏదున్నా ఒక చిన్న కార్డు మీద ఇంగ్లిష్‌లో రాసి పెట్టుకోండి: ఏముంది, ఎక్కడుంది, ఏం చేయకూడదు. నోరు తెరవకుండానే ఆ కార్డు చేతికివ్వండి. డాక్టరు ఉత్తరం ఉంటే ఇంకా మంచిది. సంచిని మీరే బట్టల మీద నుంచి తడిమి, చేతుల మీద పరీక్ష చేయించుకునే పద్ధతి అమెరికాలో ఉంది. కృత్రిమ రొమ్మును తీసి చూపించాల్సిన పని లేదు. ఇన్సులిన్ పంపు, గ్లూకోజ్ సెన్సర్ లాంటివి స్కానర్‌లోకీ ఎక్స్‌రే బెల్టు మీదికీ వెళ్లొచ్చా అన్నది ఒక్కో కంపెనీ ఒక్కోలా చెబుతుంది. దాని పుస్తకం చూడండి, అనుమానం ఉంటే చేతి తనిఖీ అడగండి. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లు డాక్టర్ని అడిగి, పరికరం కార్డు జేబులో కాకుండా చేతిలో పట్టుకోండి.

అమెరికాలో టీఎస్ఏ కేర్స్ అనే సహాయ విభాగం ఉంది. ప్రయాణానికి 72 గంటల ముందు చెబితే తనిఖీ దగ్గర సాయం ఏర్పాటు చేస్తారు. పెద్దవాళ్లను ఒంటరిగా పంపేటప్పుడు ఇది తప్పకుండా వాడుకోండి.

పిల్లలు వెంట ఉంటే

చంకలో బిడ్డ ఉంటే అమెరికాలో స్కానర్‌లోకి పంపరు, మెటల్ డిటెక్టర్ గుండా పంపుతారు. పన్నెండేళ్లు, అంతకన్నా తక్కువ వయసున్న పిల్లలకు తేలిక పద్ధతులున్నాయి, చేతి తనిఖీ తగ్గించే ప్రయత్నం చేస్తారు. పిల్లల్ని మీ నుంచి వేరు చేయకూడదు. బొమ్మ నిజంగా శరీరాన్ని చూపించే రోజుల్లో, 2010లో, పిల్లల అసభ్య చిత్రాల చట్టాన్ని ఇది ఉల్లంఘిస్తుందేమోనని బ్రిటన్‌లో పెద్ద చర్చే జరిగింది. మనిషి చూసే పాత పద్ధతి ఎదురైతే, పిల్లల విషయంలో నేనైతే ఆలోచించకుండా వద్దంటాను.

బిడ్డకు ముందే ఇంట్లో చెప్పి ఉంచండి: ఎవరు ముట్టుకుంటారు, ఎందుకు, అమ్మానాన్న పక్కనే ఉంటారు అని. "ఎవరైనా ముట్టుకుంటే ఊరుకోవాలి" అన్న అర్థం మాత్రం రానివ్వకండి.

ముఖం కెమెరా వేరే సంగతి

స్కానర్ బొమ్మ మీద మీ పేరు ఉండదు. గుర్తింపు కార్డు చూసే బల్ల దగ్గర ఇప్పుడు పెడుతున్న ముఖం కెమెరా సంగతి అలా కాదు, అది మీ ముఖాన్ని మీ కార్డుతో పోల్చి చూస్తుంది. అమెరికా తనిఖీల్లో అది తప్పనిసరి కాదని టీఎస్ఏ చెబుతుంది. ఫొటో వద్దు, కార్డు చూసి పంపండి అని కెమెరా ముందు నిలబడక ముందే చెప్పొచ్చు. అయితే విదేశీయుల విషయంలో దేశంలోకి వచ్చేటప్పుడు, వెళ్లేటప్పుడు సరిహద్దు అధికారులు తీసే ఫొటో, వేలిముద్రల నియమాలు వేరు. రెండూ ఒకటనుకుని అక్కడ వాదనకు దిగకండి.

ఏదైనా తప్పు జరిగితే

గేటు దగ్గర కూర్చోగానే ఫోన్‌లో రాసుకోండి: తేదీ, సమయం, టెర్మినల్, ఎన్నో లైను, అధికారి బ్యాడ్జీ మీద కనబడిన పేరు లేదా నంబరు, అన్న మాటలు, పక్కన చూసినవాళ్లు. సాయంత్రానికి సగం మరిచిపోతాం. వీలైతే అక్కడే సూపర్‌వైజర్‌కు చెప్పి ఫిర్యాదు ఎలా ఇవ్వాలో అడగండి. తర్వాత ఆ సంస్థ వెబ్‌సైట్‌లో రాసి పంపండి, ఫిర్యాదు నంబరు దాచుకోండి.

స్కాన్ బొమ్మ కోసం అడిగితే లేదనే చెబుతారు, అది ఉండకూడదు కూడా. కానీ ఆ చోట సీసీటీవీ ఉంటుంది. యూరోపియన్ యూనియన్‌లో 2018 మే 25 నుంచి అమల్లో ఉన్న డేటా రక్షణ చట్టం కింద, మీరు కనబడే వీడియో కాపీ అడిగే హక్కు మీకుంది. మామూలుగా నెల లోపు జవాబివ్వాలి. అమెరికాలో సమాచార చట్టం కింద అడగాలి. ఎక్కడైనా సరే, వీడియోలను ఎక్కువ రోజులు ఉంచరు. అందుకే మొదటి రెండు మూడు రోజుల్లోనే "ఫలానా తేదీ, ఫలానా సమయం, ఫలానా లైను వీడియో చెరపకుండా ఉంచండి" అని రాతపూర్వకంగా పంపండి. ఫిర్యాదు వివరంగా రాయడానికి సమయం పడితే పడనివ్వండి. ఈ ఒక్క వాక్యం మాత్రం ముందే వెళ్లిపోవాలి.